అన్నవస్త్రాలు అని రాయకండి

కొత్తగా నల్లకోటు వేసుకుని మదనపల్లె కోర్టులో అడుగుపెట్టే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను గెలిచిన పెద్ద కేసుల గురించి చెప్పమంటారు. నేను చెప్పను. గెలిచిన కేసుల్లో సగం గొప్ప నాదైతే, మిగతా సగం అవతలి వకీలు బద్ధకానిది. వాటిలో మీరు నేర్చుకునేదేమీ లేదు.

నేను చెప్పాలనుకునేది వాదన లేని పని గురించి. అందులో ప్రతివాది ఉండడు, తీర్పు ఉండదు, పేపర్లో పేరు పడదు. ఒక తల్లో తండ్రో వచ్చి కుర్చీ అంచున కూర్చుంటారు. పక్కన బిడ్డ ఉంటాడు. బిడ్డ అంటే ముప్పై ఏళ్ల మనిషి కావచ్చు. మాట రాకపోవచ్చు, బుద్ధి ఎదగకపోవచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేకపోవచ్చు. ఆ పెద్దవాళ్లు వానల గురించీ, పంట గురించీ ఏదేదో మాట్లాడి చివరికి అసలు సంగతికి వస్తారు.

"మేం పోయినంక వీని గతేమమ్మా?"

దీనికి కాగితం మీద జవాబు రాయాలి. ఒక మాట అటూ ఇటూ అయితే దాని ఫలితం అనుభవించేది మీరు కాదు, మీకు ఫీజు ఇచ్చినవాళ్లు కూడా కాదు. మీ గుమ్మం ఎక్కి ఫిర్యాదు చెప్పుకోవడం కూడా చేతకాని మనిషి. అందుకే నాకు ఏ హత్య కేసు కన్నా ఈ పనంటేనే భయం ఎక్కువ.

పుంగనూరులో నా సీనియరు

తొంభైల మొదట్లో పుంగనూరులో ఒక పెద్దాయన దగ్గర జూనియరుగా చేరాను. దస్తావేజు రాయడంలో ఆయన తరవాతే ఎవరైనా అని పేరు. ఆయన పత్రాలు చదవడానికి బాగుండేవి, అందులో సందేహం లేదు. చిక్కేమిటంటే అన్నీ ఒకేలా ఉండేవి. ఆయనకు బాగా ఇష్టమైన వాక్యం ఒకటి ఉండేది: "జీవితాంతం అన్నవస్త్రాలకు లోటు రానీయక పోషించవలెను." ముసలి తల్లి అయినా, భర్త వదిలేసిన చెల్లెలైనా, బుద్ధిమాంద్యం ఉన్న కొడుకైనా అందరికీ ఇదే వాక్యం. ఫెయిర్ కాపీ రాసి రాసి నా చేతికి కూడా అది అలవాటైపోయింది.

బైరెడ్డిపల్లె దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. మెట్టపొలం, మేకల మంద ఉన్నాయి. భార్య లేదు. ఒకతే కూతురు, పేరు మునెమ్మ. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాటలు లేవు, బుద్ధి చిన్నపిల్లది. ఆయన పొలమంతా తన అన్నకొడుకు పేరు మీద రాసి, కూతుర్ని అతను చూసుకోవాలని రాయమని అడిగాడు. మా సీనియరు తన వాక్యం చేర్చి పత్రం రాశాడు. రైతు ఆయన కాళ్లకు దండం పెట్టి మనసు కుదుటపడి వెళ్లాడు.

రైతు చనిపోయిన కొన్నాళ్లకు రామకుప్పం వైపు నుంచి మునెమ్మ మేనత్త వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎవరన్నా ఇంటికొస్తే ఆ పిల్ల అరుస్తా ఎదురొచ్చేదమ్మా. ఇప్పుడు అరవడం మానేసినాది" అంది.

సీనియరు నన్ను పల్లెకు పోయి చూసి రమ్మన్నాడు. పోయాను. మునెమ్మ మేకల కొట్టంలో ఒక మూల కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో రాగిసంగటి, పైన చారు. కట్టుకున్న చీర కొత్తదే. ఒంటి మీద దెబ్బ లేదు. నేను దగ్గరికి పోయినా తల ఎత్తలేదు. అన్నకొడుకు నా వెనకే వచ్చాడు. నేను నోరు తెరిచే లోపలే అతనే అందుకున్నాడు.

"అన్నం పెట్టలేదా? గుడ్డ ఇయ్యలేదా? మీ సారు ఏం రాసినాడో అదే చేస్తాండాం. ఇంకేమన్నా చేయమని రాసుంటే సూపియ్యమ్మా."

చూపించడానికి ఏమీ లేదు. వెలుతురు అని రాయలేదు, మనుషుల మధ్య అని రాయలేదు. కోర్టుకు పోయాం. తిండీ బట్టా అందుతున్నాయని ఊరివాళ్లే సాక్ష్యం చెప్పారు. అది నిజం కూడా. మాట తప్పితే పొలం తిరిగి రావాలన్న షరతు లేకుండా అతనికే రాసేసి ఉండడంతో దాన్ని వెనక్కి తీసుకునే దారీ దొరకలేదు. మేనత్తే మునెమ్మను తన ఇంటికి తీసుకుపోయింది. పొలం మాత్రం అన్నకొడుకు దగ్గరే ఉండిపోయింది.

"పత్రంలో లోపం లేదు, లోపం మనుషుల్లో ఉంది" అన్నాడు సీనియరు. మనుషుల్లో లోపం ఉంటుందని తెలిసి రాసేదే పత్రం కదా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఆ తరవాత ఎక్కువ రోజులు నేను అక్కడ లేను. మదనపల్లె వచ్చి సొంతంగా బోర్డు పెట్టుకున్నాను.

ఏ దేవునికమ్మా

మదనపల్లెలో ఈ పనికి ట్రస్టు రాయడం మొదలుపెట్టాను. తేడా ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. ఆస్తిని ఒకరికిచ్చి బిడ్డను చూసుకోమంటే, ఆస్తి అతనిదవుతుంది, బిడ్డ అతని దయ మీద ఉంటుంది. ట్రస్టులో ఆస్తి ధర్మకర్త చేతిలో ఉంటుంది కానీ అతనిది కాదు, బిడ్డ కోసమే. దాన్ని అతను తినలేడు, అమ్ముకోలేడు. ఎలా చూస్తున్నావు అని అడిగితే జవాబు చెప్పి తీరాలి.

ఇంత మంచి ఏర్పాటుకు మన వైపు పెద్ద శత్రువు ఆ పేరే. ట్రస్టు అనగానే జనానికి గుడి గుర్తొస్తుంది, ధర్మకర్త అనగానే తిరునాళ్లలో తలపాగా చుట్టించుకునే ఆయన గుర్తొస్తాడు. కుప్పం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "అయితే మా సేను దేవాదాయశాఖోళ్లు ఎత్తుకపోతారు గదమ్మా" అని లేచి పోయాడు. మళ్లీ రాలేదు. మొదటి ట్రస్టు పత్రం రిజిస్ట్రేషనుకు పట్టుకుపోతే రిజిస్ట్రారు కళ్లజోడు పైకి తోసుకుని, "ఏ దేవునికమ్మా?" అన్నాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న నా క్లయింటు కొడుకును చూపించి, ఈయనకే అన్నాను. ఆయన ఎగాదిగా చూసి, ఇలాంటిది ఎప్పుడూ రిజిస్టరు చేయలేదని ఆ రోజంతా కూర్చోబెట్టాడు.

ధర్మకర్తల సంగతిలో నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. ఒక్కరిని పెట్టకండి, ఇద్దరిని పెట్టండి. ఆ ఇద్దరూ మరీ ప్రాణస్నేహితులు కాకుండా చూడండి. ఒకరి పని మీద ఒకరికి కాస్త అనుమానం ఉంటేనే మంచిది. ప్రేమ ఉన్న మనిషి కావాలని అందరూ అంటారు. ప్రేమ అందరికీ ఉంటుంది, పొలానికి ధర పెరిగిన రోజు దాకా.

రత్నమ్మ అడిగిన షరతు

రత్నమ్మ నా దగ్గరికి వచ్చింది తొంభైల చివర్లో. మదనపల్లె పక్కనే బోరు కింద టమోటా పండించేది. భర్త పోయాక సేద్యమంతా ఆమే చూసుకుంది. పెద్దకొడుకు నాగరాజుకు పెళ్లయింది, అతని వాటా అతనికి అప్పుడే పంచి ఇచ్చేసింది. చిన్నకొడుకు చిన్నప్పకు పాతికేళ్లు పైనే ఉంటాయి. మూడేళ్ల పిల్లాడి తెలివి. నాలుగైదు మాటలు తప్ప రావు. తన ఊరి పేరు కూడా చెప్పలేడు. రత్నమ్మకు కడుపులో జబ్బు చేసింది. ఎక్కువ కాలం లేదని డాక్టరు చెప్పేశాడు.

తన వాటా పొలం చిన్నప్ప కోసం ట్రస్టు చేయాలనుకున్నాం. ధర్మకర్తలు ఇద్దరు. ఒకరు నాగరాజు. ఇంకొకరు టమోటా మండీ నడిపే రెడ్డెప్ప, ఆమె ఏళ్ల తరబడి కాయలు వేసింది ఆయన మండీకే. చిన్నప్ప తరవాత పొలం నాగరాజు పిల్లలకు వెళుతుంది. అమ్మాలంటే చిన్నప్ప అవసరం కోసమే అమ్మాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు.

అన్నవస్త్రాలు అనే మాట నేను రాయనని ముందే తీర్మానించుకున్నాను. చిన్నప్పకు ఏమేం కావాలో మీరే చెప్పండి, ఒక్కొక్కటీ రాస్తాను అన్నాను. రత్నమ్మ, పొద్దున పొద్దున వాణ్ణి మండీకి పిల్చుకపోవాల, అది రాయమంది.

మండీలో చిన్నప్పకు ఒక ఉద్యోగం ఉండేది. నవ్వకండి, అది ఉద్యోగమే. క్రేట్ల వరస పక్కన తిరగేసిన క్రేటు మీద కూర్చునేవాడు. వేలం పాడే ఆయన ధర పెంచుకుంటూ పోయి, ఇక పైన పాడేవాళ్లు లేరు అన్నప్పుడు చిన్నప్ప చప్పట్లు కొట్టి "అయిపాయ" అనేవాడు. మొదట అది వేళాకోళం. పోను పోను అదే మండీ పద్ధతి అయిపోయింది. చిన్నప్ప అయిపాయ అంటే తప్ప ఆ వరస ముగిసినట్టు కాదు. అంతలో ఎవరైనా ఇంకో రూపాయి పెంచితే అదీ చెల్లేది.

నాగరాజుకు చిరాకు పుట్టింది. "వీడు మండీకి పోయేది గూడా స్టాంపు పేపర్లో రాస్తారా లాయరమ్మా? నలుగురూ నవ్వుతారు" అన్నాడు.

రత్నమ్మ కొడుకు వైపు చూడలేదు. నాతోనే మాట్లాడింది.

"నేను సచ్చినంక వాడు తిన్న్యాడా లేదా అని యింట్లోకొచ్చి ఎవురూ సూడరమ్మా. వాడు మండీకి రాకపోతే మాత్రం యాల రాలేదని అడగతారు. ఆ అడిగేవాళ్లు సాలు నాకు."

ఆ మాట వింటుంటే నాకు మునెమ్మ కొట్టం కళ్ల ముందు కనబడింది. షరతు రాశాను. ఒళ్లు బాగాలేనప్పుడు తప్ప రోజూ పొద్దున చిన్నప్ప మండీలో ఉండాలి. రెండో ధర్మకర్తకు చెప్పకుండా, అతని ఒప్పుదల లేకుండా చిన్నప్పను ఊరు దాటించకూడదు. ఈ షరతు తప్పిన ధర్మకర్త ఆ బాధ్యతలో ఉండడు, చిన్నప్ప తరవాత పొలం అతని పిల్లలకు పోకుండా ధర్మానికి పోతుంది. ఈ చివరిది నా సొంత తెలివి. జనం ట్రస్టంటే దేవుడికి పోతుందని భయపడతారు కదా, ఆ భయానికి కూడా ఒక పని చెప్పాను. నాగరాజు మొహం మాడ్చుకునే సంతకం పెట్టాడు.

మండీకి రాని రోజు

రత్నమ్మ పోయింది. కొన్నేళ్లు అంతా బాగానే జరిగింది. నాగరాజు భార్య సుజాత పొద్దున్నే మరిదికి స్నానం చేయించి, తల దువ్వి పంపేది. రెండువేల సంవత్సరం దాటాక పొలాల ధరలు పెరగడం మొదలయ్యాయి. బెంగళూరు నుంచి కార్లలో వచ్చి గట్ల మీద నిలబడి చూసి పోయేవాళ్లు. నాగరాజు పొలం, చిన్నప్ప పొలం ఆనుకునే ఉన్నాయి. రెండూ కలిపితేనే కొంటామన్నారట. నాగరాజు ఒకటికి రెండుసార్లు రెడ్డెప్పను అడిగాడు. చిన్నప్పకు ఏం అవసరం వచ్చిందని అమ్మాలి అని రెడ్డెప్ప ఒప్పుకోలేదు.

ఒకరోజు పొద్దున రెడ్డెప్ప ఫోన్ చేశాడు.

"లాయరమ్మా, మావోడు రెన్నాళ్లుగా రాలేదు. జరమంటాండారు. ఇంటికాడికి మనిషిని పంపిస్తే సూడనీయలేదు."

కోర్టులో ఆ రోజు నాకున్న కేసులు స్నేహితురాలికి అప్పజెప్పి, రెడ్డెప్ప జీపులో వాళ్ల ఇంటికి పోయాను. సుజాత ఒక్కతే ఉంది. చిన్నప్ప పడుకునే చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. ఊరికి పోయినారు అంది. ఏ ఊరికి అంటే ఆ చాప సర్దుతూ నిలబడింది. నేను గట్టిగా అడగబోయాను, రెడ్డెప్ప చేత్తో ఆగమన్నాడు. చివరికి ఆమే చెప్పింది, మా వైపు చూడకుండా.

"కుప్పంలో మా నాయనోళ్లింట్లో ఉండారు. సాయంత్రం రైలుకు బెంగళూరు పిల్చుకపోతాడు. ఆడేదో హాస్టలంట, దుడ్డు కడితే సూసుకుంటారంట. నాకిష్టం లేదమ్మా."

నాగరాజు ఎత్తు నాకు అర్థమైంది. చిన్నప్పను ఫీజు కట్టే చోట చేరిస్తే ఫీజు చిన్నప్ప అవసరం అవుతుంది. అవసరం కోసం అమ్మొచ్చని పత్రంలో నేనే రాశాను. అప్పుడు రెడ్డెప్ప కాదంటే చెడ్డవాడు ఆయనే అవుతాడు. అదీ కాకుండా, ఆ హాస్టలు ఎలాంటిదో ఎవరికీ తెలియదు. పేరు తప్ప ఊరు చెప్పలేని మనిషిని వేరే రాష్ట్రంలో వదిలేస్తే, రేపు అక్కడినుంచి ఇంకో చోటికి మార్చినా వెతికి పట్టుకోవడం మా తరం కాదు. పోలీసుల దగ్గరికి పోవడం దండగ. సొంత అన్న తమ్ముణ్ణి ఊరికి తీసుకుపోతే నేరమేముంది అంటారు, అంటే తప్పు కూడా లేదు.

పత్రం నకలు సంచిలో పెట్టుకుని బయలుదేరాం. పుంగనూరు దాటాం, పలమనేరు దాటాం. బైరెడ్డిపల్లె దగ్గర జీపు రేడియేటరు మరిగి ఆగిపోయింది. రెడ్డెప్ప నీళ్ల కోసం బిందె పట్టుకుని ఒక ఇంటి వైపు పోయాడు. నేను రోడ్డు మీద నిలబడ్డాను. మునెమ్మ పల్లెకు పోయే మట్టిదారి అక్కడే చీలుతుంది. ఎండ వాలుతోంది. నాకు అంత భయం నా ప్రాక్టీసులో మరెప్పుడూ వేయలేదు.

కుప్పం స్టేషన్లో

సుజాత వాళ్ల నాన్న ఇంటికి పోతే, ఇప్పుడే స్టేషనుకు పోయినారు అన్నారు. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఉన్నారు. చిన్నప్ప ఒంటి మీద కొత్త చొక్కా, కాలరుకు చీటీ ఇంకా తీయలేదు. ఒళ్లో చిత్రాన్నం పొట్లం. రెడ్డెప్పను చూస్తే లేచి వచ్చే మనిషి, ఆ రోజు లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

నాగరాజు లేచి మాకు అడ్డం వచ్చాడు. "మీరు యాల వచ్చినారు? నా తమ్ముణ్ణి నేను యాడికన్నా పిల్చుకపోతా. అన్నం పెట్టలేదా వానికి? కొత్త గుడ్డలు తియ్యలేదా?"

అదే మాట. ఇన్నేళ్ల తరవాత, వేరే ఊళ్లో, వేరే మనిషి నోట అదే మాట. ఈసారి మాత్రం చూపించడానికి కాగితం ఉంది.

"ఈ పత్రంలో అన్నమనే మాటే లేదు నాగరాజూ. గుడ్డలనే మాట గూడా లేదు. మండీ అని ఉండాది. నువ్వే సంతకం పెట్టినావు. రెడ్డెప్పకు సెప్పకుండా ఊరు దాటించినావు. ఇంగ నువ్వు ధర్మకర్తవి కాదు. ఈ రైలెక్కితే రేపు నేను కోర్టులో కాగితం వేస్తా, నీ పిల్లోళ్లకు రావాల్సిన పొలం ధర్మానికి పోతాది. ఎక్కకుండా వెనక్కొస్తే ఆ కాగితం వేయాల్నా వద్దా అని రెడ్డెప్ప ఆలోచిస్తాడు."

రైలు వచ్చే గంట కొట్టారు. నాగరాజు పత్రం చదవలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతను దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "నేనెంత కాలం మోయాలమ్మా వీన్ని? మా యమ్మ పొలం వానికిచ్చింది, వాన్ని నాకిచ్చింది." ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు దొంగచాటుగా రైలెక్కించడం కాదు, అంతే. పని నీ భార్య చేస్తోంది, పొలం ఆదాయంలోంచి ఆమెకు జీతం ఇద్దాం, నువ్వు మొయ్యొద్దు అన్నాను.

రైలు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. నాగరాజు మళ్లీ బల్ల మీద కూర్చుని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. రెడ్డెప్ప రెండో పక్క కూర్చుని చిన్నప్ప కాలరు నుంచి చీటీ తెంపుతున్నాడు. రైలు కదిలి పోయేదాకా నాగరాజు ఆ చెయ్యి వదల్లేదు, లేవనూ లేదు. ఆ తరవాత వదిలేశాడు.

మర్నాడు పొద్దున నేను కూడా మండీకి పోయాను. చిన్నప్పను తన క్రేటు మీద కూర్చోబెట్టారు. వేలం మొదలైంది. ధర పెరిగి పెరిగి ఒక చోట ఆగింది. పాడే ఆయన చిన్నప్ప వైపు చూశాడు. చిన్నప్ప నేల చూస్తున్నాడు. కొనేవాళ్లు, హమాలీలు, రైతులు అంతా ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. మునెమ్మ లాగా ఇతను కూడా మానేశాడేమో అనుకున్నాను. రెడ్డెప్ప ఆ ధరే ఇంకోసారి పాడమని సైగ చేశాడు. పాడే ఆయన మళ్లీ పాడాడు, మళ్లీ ఆగాడు. అప్పుడు చిన్నప్ప చప్పట్లు కొట్టాడు. "అయిపాయ" అన్నాడు. నేను అందరి ముందే ఏడ్చేశాను, సిగ్గుపడలేదు.

నాగరాజు తనంతట తానే తప్పుకున్నాడు. అతని చోట కోర్టు ఇంకొకరిని వేసింది. కోర్టుకు రాసిన కాగితంలో పిల్లల వాటా గురించి నేను ఎత్తలేదు, రెడ్డెప్ప వద్దన్నాడు. అప్పటికి ఇలాంటి బిడ్డలకు సంరక్షకులను వేయడానికి కొత్త చట్టం వచ్చి ఉంది, కలెక్టరు కమిటీ ముందుకు పోయి సుజాతను చిన్నప్పకు సంరక్షకురాలిగా నియమింపజేశాం. ఆస్తిని చూసేవాళ్లు వేరు, మనిషిని చూసేవాళ్లు వేరు. ఈ రెండూ ఒక్కరి చేతిలో పెట్టకండి. మీ దగ్గరికి ఎవరైనా బిడ్డను వెంటబెట్టుకుని వస్తే, ఆ బిడ్డకు తిండి ఎవరు పెడతారని అడిగే ముందు, ఒకరోజు కనబడకపోతే ఎవరు అడుగుతారో కనుక్కోండి. ఎవరూ లేరంటే ముందు ఆ మనుషులను వెతకండి, పత్రం తరవాత రాయొచ్చు.

ప్రాక్టీసు మానేశాను. రెడ్డెప్ప పోయాడు, మండీ ఆయన కొడుకు చూస్తున్నాడు, ధర్మకర్త కూడా అతనే. పొద్దున కాఫీ తాగి నేను చేసే ఫోను ఒకటి ఉంది. మండీకే చేస్తాను. అవతల వేలం గోలలో నా మాట సరిగా వినపడదు, అయినా ఎందుకు చేశానో వాళ్లకు తెలుసు.

ఈ పొద్దు కూడా చేశాను. "వచ్చినాడమ్మా" అన్నారు.